జేబు కెమెరా బొమ్మ కాదు

ఫొటోగ్రఫీ మీద మనసుపడ్డ కుర్రాడు ఏ కెమెరా కొనాలని అడిగితే అందరి నోటా వచ్చే సలహా ఒక్కటే. "సీరియస్‌గా నేర్చుకోవాలనుంటే ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ తీసుకో. ఇప్పుడు డబ్బు లేకపోతే ఆగి తీసుకో. జేబులో పట్టే కాంపాక్ట్ మాత్రం కొనకు, అది బొమ్మ. ఆ మాత్రం దానికి ఫోను లేదా?" హైదరాబాద్ కోఠి కెమెరా కొట్లలో అడిగినా ఇదే మాట. కోల్‌కతా ఎస్‌ప్లనేడ్‌లో మెట్రో సినిమా పక్క సందులో అడిగినా ఇదే. ఇక్కడ సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో, కాలేజ్ మోడ్ దగ్గర టీ తాగుతూ తెలుగువాళ్లం నలుగురం కూడినా ఇదే.

ఈ సలహా ఇచ్చేవాళ్లు చెడ్డవాళ్లు కాదు, చాలామంది నాకు స్నేహితులే. కానీ సలహా తప్పు, దానివల్ల నష్టం జరుగుతోంది. వాయిదాల మీద కొన్న కెమెరాలు సిలికా జెల్ పొట్లాల మధ్య బీరువాల్లో పడి ఉంటున్నాయి. తీయాల్సిన ఫొటోలు తీయకుండానే పండగలు దాటిపోతున్నాయి. నేను చెప్పదలుచుకున్నది ఇది: ప్రొఫెషనల్ కెమెరా, నిలబడే చోటు ముందే దొరికిన మనిషి కోసం తయారైన పనిముట్టు. ఆ చోటు తానే వెతుక్కోవాల్సిన మనిషికి, అంటే ఇష్టంకొద్దీ ఫొటో తీసే మనలాంటివాళ్లకి, మంచి జేబు కెమెరాయే అసలైన కెమెరా. సెన్సర్ కొలతలు చూపించి దీన్ని కొట్టిపారేసేవాళ్ల లెక్కలోనే పొరపాటుంది.

ముందుగా పెద్ద కెమెరాకి దక్కాల్సింది దక్కనిద్దాం. సాల్ట్ లేక్‌లో 1984లో తెరిచిన యువభారతి స్టేడియం ఉంది. 2017 అక్టోబరు 28న అండర్-17 ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ 5-2తో స్పెయిన్‌ని ఓడించింది ఇక్కడే. అలాంటి మ్యాచ్‌కి జేబు కెమెరా పట్టుకెళ్లి గోలు కొట్టే క్షణాన్ని పట్టుకుంటానంటే ఎవరూ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. అక్కడ 400 ఎంఎం ఎఫ్/2.8 లెన్సు కావాలి. పరిగెత్తే ఆటగాడి కంటిని వదలకుండా వెంటాడే ఆటోఫోకస్ కావాలి. ఊరి తూర్పు అంచున, 2002లో రామ్సర్ జాబితాకెక్కిన చిత్తడి నేలల్లో పక్షుల్ని తీయాలన్నా అంతే. గోడకి నిలువెత్తున వేలాడే ప్రకటన బొమ్మకీ, స్టూడియో లైట్ల కింద నగల కేటలాగుకీ పెద్ద సెన్సరు పనికొస్తుంది. వీటిలో దేన్నీ నేను కాదనను.

అయితే ఆ స్టేడియంలో గోల్ పోస్టు వెనక కూర్చున్న పత్రికా ఫొటోగ్రాఫర్ని ఒక్కసారి గమనించండి. అతని ఒంటి మీద ప్రెస్ జాకెట్టు ఉంది. కూర్చునే చోటు నిర్వాహకులే చూపించారు. ఎంత బరువు మోసినా, ఎంత పెద్ద లెన్సు గురిపెట్టినా అడిగేవాడు లేడు. మన పెళ్లిళ్లలోనూ ఇదే తీరు. మంగళసూత్రం కట్టే వేళకి ఫొటోగ్రాఫర్ అడిగితే పురోహితుడు కూడా పక్కకి జరుగుతాడు. ముందు వరసలో కూర్చున్న పిన్నులకీ మేనత్తలకీ కనిపించేవి ఫొటోగ్రాఫర్ల వీపులే అయినా పెళ్లివారు సర్దుకుంటారు, ఎందుకంటే అతన్ని పిలిచింది వాళ్లే. ప్రొఫెషనల్ కెమెరా పరిమాణం, బరువు, దాని గురించి చెప్పే గొప్పలన్నీ ఈ ఏర్పాటు మీద ఆధారపడి ఉన్నాయి. అతనికి చోటు ఇస్తారు, అనుమతి ఇస్తారు, డబ్బిస్తారు. మనకి ఆ మూడిట్లో ఒక్కటీ ఉండదు. అతని పనిముట్టు తెచ్చుకున్నంత మాత్రాన అతని చోటు మనకి రాదు.

దుర్గాపూజ రోజుల్లో సాల్ట్ లేక్‌లో తిరిగితే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇక్కడ ప్రతి బ్లాకుకీ సొంత పూజ ఉంటుంది. ఎఫ్‌డీ, బీజే, ఏకే బ్లాకుల్లాంటి పేరున్న పందిళ్ల దగ్గర తాళ్లు కట్టి, ఈలలు ఊదుతూ, "ఎగియే జాన్, ఎగియే జాన్" అని జనాన్ని ముందుకు తోస్తూనే ఉంటారు. లెన్సు మార్చడానికి ఆగితే వెనకవాళ్ల మోచేయి తగులుతుంది. చిన్న బ్లాకుల పందిళ్లలో అంత రద్దీ ఉండదు, కానీ అక్కడ ఇంకో రకం ఇబ్బంది. అది ఇంటి పండగ లాంటిది. వచ్చినవాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. అక్కడ కిలోన్నర బరువున్న కెమెరా మెడలో వేసుకుని నిలబడితే క్షణంలో అందరూ గుర్తుపట్టేస్తారు, సర్దుకుని నవ్వడం మొదలుపెడతారు.

సంధిపూజ సంగతి చూడండి. అష్టమి చివరి 24 నిమిషాలు, నవమి మొదటి 24 నిమిషాలు కలిసిన 48 నిమిషాలది. మన లెక్కలో రెండు ఘడియలు. 108 దీపాలు వెలిగిస్తారు. ఢాక్ డోలు మోత చెవులు హోరెత్తిస్తుంది. కొత్త తాంత్ చీర కట్టుకున్న ఒక పెద్దావిడ నేలమీద గొంతుక్కూర్చుని, కొంగు జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఒక్కో ప్రమిదా వెలిగిస్తూ పోతుంది. మంట వెలుగు ఆవిడ గడ్డం కింద నుంచి ముఖం మీదకి పాకుతుంది. ఆవిడ వెనక నాలుగైదు అడుగుల దూరంలో దుర్గమ్మ పాదాలు, మహిషుడి తల. ఫొటోలో ఆవిడ ముఖమూ కనపడాలి, ఆ పాదాలూ తెలియాలి. రెండింటిలో ఏది మసకబారినా బొమ్మ అర్థం సగానికి సగం పోతుంది. కోల్‌కతా దుర్గాపూజని 2021లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది విగ్రహాల అందం ఒక్కదాని కోసం కాదు. ఆ పండగని జరుపుకునే మనుషుల కోసం. మనిషినీ దేవతనీ ఒకే చూపులో పట్టుకోవడమే ఇక్కడ ఫొటోగ్రాఫర్ పని.

ఇప్పుడు ఈ దృశ్యం దగ్గరే సెన్సర్ లెక్క వేద్దాం. ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు, వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. మంచి జేబు కెమెరాల్లో ఉండే ఒక అంగుళం రకం సెన్సరు 13.2 బై 8.8, అంటే 116 చదరపు మిల్లీమీటర్లు. ఏడు రెట్లకి పైగా తేడా. "చూశావా, ఏడు రెట్లు ఎక్కువ వెలుతురు!" అని వాదన ఇక్కడితో ముగించేస్తారు. ఇక్కడే పొరపాటు. వెలుతురుని లోపలికి పంపేది లెన్సు. ఎంత పంపాలో నిర్ణయించేది మనకి కావలసిన ఫొటో.

2014లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 మూడో రూపాన్ని తీసుకోండి. బరువు 290 గ్రాములు, వైడ్ కొసన అపెర్చర్ ఎఫ్/1.8. దీపాల వెలుగులో 1/125 సెకను షట్టరుతో దానికి ఐఎస్‌ఓ 1,250 సరిపోయిందనుకుందాం. పెద్దావిడ ముఖం మీద ఫోకస్ పెడితే వెనక అమ్మవారి పాదాలు కూడా తెలిసేంత లోతు ఆ చిన్న సెన్సరు వల్ల తేలిగ్గానే వస్తుంది. అదే లోతు ఫుల్‌ఫ్రేమ్‌లో రావాలంటే అపెర్చర్ని దాదాపు ఎఫ్/5కి మూయాలి. అలా మూసి, అదే షట్టరు వేగం ఉంచితే ఐఎస్‌ఓ 9,000 దాటుతుంది. ఏడు రెట్ల పెద్ద సెన్సరు, ఏడు రెట్లు పెంచిన ఐఎస్‌ఓ: రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఒకే తరం సెన్సర్లయితే రెండు ఫొటోల్లో నాయిస్ ఇంచుమించు ఒకటే. ఇది నా అభిప్రాయం కాదు, కాంతిశాస్త్రం. లోతు కావాల్సిన ఫొటోలో పెద్ద సెన్సరు లాభం కరిగిపోతుంది. మిగిలేది బరువు.

పెద్ద సెన్సరుకి లాభం వచ్చేది అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనకదాన్ని మసకచేసినప్పుడు. మసకచేయడం ఇప్పుడు ఫొటో నాణ్యతకి కొలబద్ద అయి కూర్చుంది. ముక్కు కొస మీద ఫోకస్ పెట్టి, ఆ మనిషి ఏ ఊళ్లో ఏ పండగలో ఏ వీధిలో ఉన్నాడో తెలియకుండా చెరిపేసి, దాన్ని ప్రొఫెషనల్ లుక్ అంటున్నారు. పెళ్లికూతురి పోర్ట్రెయిట్‌కి అది బాగుండొచ్చు. బోనమెత్తిన మనిషి వెనక వీధినీ, ఒకరికొకరు కుంకుమ పూసుకునే సిందూర్ ఖేలాలో నవ్వుతున్న ఆడవాళ్ల వెనక పందిరినీ చెరిపేస్తే ఫొటోలో మిగిలేదేమిటి? ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఫొటో చూసే పిల్లలు వెతికేది ఆ వెనకనున్నదాన్నే. అప్పటి కొట్టు, అప్పటి బోర్డు, అప్పటి మేనమామ.

ఇంకో సంగతి. ఏడు రెట్ల లెక్క చెప్పేవాళ్లు ఎక్కువమంది కొంటున్నది ఏ లెన్సుతో? బాడీతో కిట్టుగా వచ్చే చవక జూమ్‌తో. నికాన్ 24-50 అపెర్చర్ ఎఫ్/4 నుంచి 6.3. సోనీ 28-60ది ఎఫ్/4 నుంచి 5.6. ఆర్‌ఎక్స్100 మూడో రూపం లెన్సు ఎఫ్/1.8 నుంచి 2.8. సెన్సరు తేడా, లెన్సు తేడా రెండూ కలిపి లెక్కిస్తే ఆ నికాన్ జూమ్‌తో ఫుల్‌ఫ్రేమ్ అదనంగా పోగుచేసే వెలుతురు రెండు కొసలా ఒకటిన్నర రెట్లు, మధ్యలో ఇంకాస్త ఎక్కువ. ప్రచారం చేసిన ఏడు రెట్లు ఎక్కడికి పోయాయి? 2019లో వచ్చిన రికో జీఆర్ 3 బరువు 257 గ్రాములే. ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నదైన దాని ఏపీఎస్-సీ సెన్సరు, ఎఫ్/2.8 లెన్సు కలిసి, ఎఫ్/4 జూమ్ బిగించిన ఫుల్‌ఫ్రేమ్‌కి దాదాపు సమానంగా వెలుతురు తీసుకుంటాయి. పెద్ద సెన్సరు పూర్తి ప్రయోజనం ఇవ్వాలంటే దానికి తగ్గ లెన్సు ఉండాలి. సోనీ ఏ7 నాలుగో రూపం 658 గ్రాములు, దాని 24-70 ఎఫ్/2.8 రెండో రూపం 695 గ్రాములు. కలిపి 1,353 గ్రాములు, లక్షల్లో ఖర్చు. అది ప్రొఫెషనల్ కిట్టు. బాడీ మాత్రమే దాన్ని పోలి ఉంటే సరిపోదు.

కెమెరాల పోలిక పట్టికల్లో కనపడని గుణం మరొకటుంది. జేబు కెమెరాల్లో షట్టరు లెన్సులోనే ఉంటుంది. దశమి నాడు మధ్యాహ్నం ఎండలో, పందిరి గుమ్మం దగ్గర సిందూర్ ఖేలా జరుగుతుంటుంది. ఎండ వెనక నుంచి పడి ముఖాలు నల్లబడతాయి. ఆర్‌ఎక్స్100 మూడో రూపంలో ఉన్న చిన్న ఫ్లాష్ 1/2000 సెకను దాకా షట్టరుతో కలిసి పనిచేస్తుంది, అంత ఎండలోనూ బుగ్గల మీద కుంకుమ రంగుని బయటికి లాగుతుంది. పెద్ద కెమెరాలో ఫ్లాష్ మామూలుగా కలిసొచ్చేది 1/250 సెకను దరిదాపుల్లోనే. అది దాటాలంటే హై స్పీడ్ పద్ధతిలోకి వెళ్లాలి. అందులో ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది కాబట్టి ఇంకా పెద్ద ఫ్లాష్ తగిలించాలి. ఆ ఫ్లాష్‌తో ఆడవాళ్ల మధ్యకి వెళ్లి చూడండి, ఆట ఆగిపోతుంది. ఆట ఆగాక తీసిన ఫొటో పండగ ఫొటో కాదు, పండగ దుస్తుల ఫొటో.

చిన్నది అనగానే తక్కువది అనుకోవడం ఫొటోగ్రఫీ చరిత్ర తెలిసినవాళ్లకి తగదు. ఈరోజు గొప్పగా చెప్పుకునే 36 బై 24 కొలత ఎక్కడిది? జర్మనీలోని వెట్స్‌లర్‌లో, లైట్స్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బర్నాక్ ఉబ్బసం మనిషి. బరువైన ప్లేటు కెమెరాలు మోస్తూ నడవలేక, సినిమా ఫిల్ము వాడే చిన్న కెమెరా తయారుచేసుకున్నాడు. అదే 1925లో లైప్‌జిగ్ సంతలో లైకాగా బయటికొచ్చింది. అప్పటి అమెరికా పత్రికల ఫొటోగ్రాఫర్లు వాడిన స్పీడ్ గ్రాఫిక్ ఫిల్ము 4 బై 5 అంగుళాలు. లైకా ఫిల్ముకి దాదాపు 15 రెట్లు పెద్దది. అంత చిన్న ఫిల్ముతో నాణ్యత వస్తుందా అని అప్పుడూ పెదవి విరిచారు. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్తియే-బ్రెసోన్ ఆ చిన్న కెమెరాతోనే ప్రపంచం తిరిగాడు. ఆ తర్వాత వీధి ఫొటోగ్రఫీ చాలావరకు అదే దారిలో నడిచింది. పదిహేను రెట్ల తేడాని దాటి గెలిచిన కొలతని పట్టుకుని, ఏడు రెట్లు చిన్నదాన్ని బొమ్మ అనడం ఏ న్యాయం? జపాన్‌కి చెందిన ఫొటోగ్రాఫర్ దైదో మోరియామా దశాబ్దాలపాటు రికో జీఆర్ లాంటి జేబు కెమెరాలతో వీధుల్లో తిరిగాడు. మాగ్నం ఏజెన్సీ ఫొటోగ్రాఫర్ అలెక్స్ మయోలి 2003 ప్రాంతంలో కాంగో, ఇరాక్ యుద్ధభూముల్లో 5 మెగాపిక్సెళ్ల ఒలింపస్ కాంపాక్ట్‌లు వాడాడు. ఇద్దరికీ పెద్ద కెమెరా కొనే స్తోమత లేక కాదు.

ఇక అందరూ వేసే ప్రశ్న: ఫోను ఉండగా ఇదెందుకు? కాంపాక్ట్‌ల మార్కెట్ కూలిపోయిందన్నది నిజమే. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్లు దాటిన డిజిటల్ కెమెరాల సరఫరా 2023 నాటికి 80 లక్షల లోపుకి పడిపోయింది. ఆ కూలిన వాటిలో అత్యధికం 28 చదరపు మిల్లీమీటర్ల సెన్సరు పెట్టిన చవక కాంపాక్ట్‌లు. వాటిని ఫోను ఓడించింది, ఓడించడం న్యాయమే. దాన్ని బట్టి జేబు కెమెరాలన్నీ చచ్చిపోయాయనడం తప్పు. పగటి వెలుతురులో ఫోను చక్కగా తీస్తుంది. కానీ చీకట్లో అది చేసేది వరసగా కొన్ని ఫ్రేములు తీసి కలపడం. కదలని గుడి గోపురానికి అది బ్రహ్మాండంగా కుదురుతుంది. ధునుచి నాట్యంలో పొగ కక్కే కుండలు చేతుల్లో తిప్పుతూ, నోట పట్టుకుని ఆడే మనిషికి కుదరదు. పొగ ముద్దవుతుంది, వేళ్లు మసకబారతాయి. ఫోనులోని ఎల్‌ఈడీ దీపం వెలుగునిస్తుంది గానీ, కెమెరా ఫ్లాష్‌లా కదలికని క్షణంలో బిగించలేదు. పైగా ఫోను చేతిలో ఉంటే ఆఫీసు మెసేజీ కూడా చేతిలోనే ఉంటుంది. ఫొటో కోసమే చేతిలోకి తీసుకునే వస్తువు మనసునీ ఆ పని మీదే నిలుపుతుంది.

మరికొందరు ఊరడింపుగా ఇంకో మాట అంటారు. "కెమెరాదేముంది, కన్ను ముఖ్యం." వినడానికి బాగుంటుంది. జేబు కెమెరా పక్షాన మాట్లాడుతున్నట్టు కూడా ఉంటుంది. అయినా నేను ఒప్పుకోను. కెమెరా ముఖ్యమే. ఎక్కడ నిలబడగలమో, ఎంతసేపు నిలబడగలమో, ఎదుటివాళ్లు మనల్ని మరిచిపోతారో లేదో, కుడిచేయి తల మీదకెత్తి ఒక్క చేత్తో తీయగలమో లేదో తేల్చేది కెమెరాయే. కన్ను ఎంత గొప్పదైనా బీరువాలో ఉన్న కెమెరాతో చూడలేదు. చిన్న కెమెరా కొనడమంటే రాజీ పడడం కాదు. మన ఫొటో ఎక్కడ పుడుతుందో తెలుసుకుని దానికి తగ్గ పనిముట్టు ఎంచుకోవడం.

జేబు కెమెరాకి లోపాలు లేవని నేను చెప్పడం లేదు. బ్యాటరీ తొందరగా అయిపోతుంది, ఒకటి అదనంగా ఉండాల్సిందే. ముందుకీ వెనక్కీ కదిలే లెన్సు దుమ్ముని లోపలికి లాక్కుంటే సెన్సరు మనం తుడుచుకోలేం, సర్వీసుకి ఇవ్వాలి. పరిగెత్తే పిల్లల్ని వెంటాడే ఫోకస్ పెద్ద కెమెరాల్లో ఇంకా మెరుగ్గా ఉంటుంది. మంచి కాంపాక్ట్ చవకా కాదు, లక్షకి అటూ ఇటూగా ఉంటుంది. ఇవన్నీ తూకంలో వేసుకునే మాట్లాడుతున్నాను. పెద్ద కెమెరా లోపాలు మాత్రం ఎవరూ తూకంలో వేయడం లేదు. కోల్‌కతా తేమలో, మన విశాఖ తేమలో లెన్సుకి ఫంగస్ పట్టకుండా డ్రై క్యాబినెట్ కొనాలి. సంచీ, లెన్సులు, వాటికి ఫిల్టర్లు. ఊరెళ్లేటప్పుడు "ఇప్పుడిది కూడా మోయాలా?" అని ఇంట్లోవాళ్ల మాట. చివరికి కెమెరా ఇంట్లో ఉండిపోతుంది, మనం ఊరెళతాం. ఏ పోలిక పట్టికలోనూ దీనికి గడి లేదు. ఆ పట్టికల్లో ఉన్నవన్నీ ఫొటో తీసిన తర్వాతి లెక్కలు: నాయిస్ ఎంత, రంగులెన్ని, ఎంత పెద్దగా ప్రింటు వేయొచ్చు. ఆ ఫొటో అసలు తీశామా లేదా అన్నది వాటికి అక్కర్లేదు.

ప్రింటు మాట వచ్చింది కాబట్టి అదీ తేల్చేద్దాం. 12 బై 18 అంగుళాల ప్రింటు, గోడకి కట్టే పెద్ద ఫ్రేము, అంగుళానికి 300 చుక్కల చొప్పున వేసినా కావాల్సింది సుమారు 19.4 మెగాపిక్సెళ్లు. ఆర్‌ఎక్స్100 మూడో రూపానికి ఉన్నవి 20. 4కే టీవీ తెరకి 8.3 చాలు. మన ఇళ్లలో ఇంతకంటే పెద్ద ఫొటో ఎవరి గోడ మీద ఉంది?

కాబట్టి సలహా ఇచ్చే స్నేహితులకి నా విన్నపం. ఆ కుర్రాణ్ని ముందు నువ్వు ఏ కెమెరా కొనగలవని అడక్కండి. నువ్వు ఎవరి ఫొటో తీయాలనుకుంటున్నావని అడగండి. స్టేడియంలో ఆటగాళ్లనీ, చెట్ల మీద పక్షుల్నీ, డబ్బిచ్చే పెళ్లివాళ్లనీ అంటే పెద్ద కెమెరా కొనమనండి, లెన్సుకి కూడా డబ్బు దాచుకోమనండి. మా అమ్మమ్మనీ, మా వీధినీ, మా ఊరి జాతరనీ, ఆఫీసు నుంచి వస్తూ దారిలో కనపడేదాన్నీ అంటే ఇంకో ఆలోచన లేకుండా మంచి జేబు కెమెరా పేరు చెప్పండి. ఫుల్‌ఫ్రేమ్ కోసం ఆగమని మాత్రం చెప్పకండి. వాడు డబ్బు కూడబెట్టేదాకా అమ్మమ్మ వయసు ఆగదు, వీధి ఆగదు. ఆగమన్న సలహా వల్ల పోయిన ఫొటోని ఏ సెన్సరూ తిరిగి తెచ్చిపెట్టలేదు.